ప్లగిన్ ఫైలు పేరు ముందు మీ గుర్తు ఉండాలి

ప్రశ్న: స్కెచప్‌కి మెట్లు గీసే ప్లగిన్ రాశాను. ఫైలుకు ‘స్టెయిర్స్.ఆర్‌బీ’ అని పేరు పెడితే చాలదా?

జవాబు: చాలదండీ. అందరి ప్లగిన్లూ చేరేది ఒకే ప్లగిన్స్ ఫోల్డర్‌లోకి. అదే పేరుతో ఇంకొకరి ఫైలు వస్తే మీది చెరిగిపోతుంది. అందుకే ‘కేవీ_స్టెయిర్స్.ఆర్‌బీ’ అన్నట్టు మీ పొడి అక్షరాలు ముందు చేర్చండి. మిగతా కోడంతా ‘కేవీ_స్టెయిర్స్’ అనే ఫోల్డర్‌లో ఉంచి, రెండింటినీ కలిపి ఆర్‌బీజెడ్‌గా ప్యాక్ చేయండి. పేరు చూడ్డానికి బాగోదంటారా? వాడేవారికి ఎక్స్‌టెన్షన్ మేనేజర్‌లో కనిపించేది మీరు విడిగా నమోదు చేసే పేరే. దాన్ని మీకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు. వెర్షన్ నంబరు తెలియాలి కదా అని దాన్ని మాత్రం ఫైలు పేరులో కలపొద్దు. అలా కలిపితే 1.1 వేశాక కూడా 1.0 అక్కడే మిగులుతుంది. ప్లగిన్స్ ఫోల్డర్‌లో పైస్థాయిలో ఉన్న ప్రతి రూబీ ఫైలునూ స్కెచప్ మొదలవగానే లోడ్ చేస్తుంది కాబట్టి రెండూ నడుస్తాయి. ఫైలు పేరు మారకుండా ఉంటేనే కొత్తది పాతదాని స్థానంలోకి వస్తుంది.