అలాస్కా ఓడలో అమ్మానాన్నలతో

ప్రశ్న: సియాటిల్‌లో ఉంటున్నాం. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు, అక్కావాళ్లతో కలిసి అలాస్కా క్రూజ్‌కి వెళ్లాలనుంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఏమేం చూసుకోవాలి?

జవాబు: ముందు వీసాలు చూడండి. సియాటిల్‌లో బయల్దేరే ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. భారత పాస్‌పోర్టు ఉన్న పెద్దవాళ్లకు కెనడా వీసాతోపాటు అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా కూడా ఉండేలా చూసుకోండి.

గ్లేసియర్ బేకి వెళ్లే ఓడనే ఎంచుకోండి. అక్కడికి రోజుకు 2 పెద్ద క్రూజ్ ఓడలనే రానిస్తారు. దిగి నడవక్కర్లేదు. నీలిరంగు మంచుగోడ ఉరిమినట్టు విరిగి నీళ్లలో పడటం నాన్నగారు శాలువా కప్పుకొని డెక్ మీద కూర్చునే చూడొచ్చు.

గది ఓడ మధ్యలో, లిఫ్టుకు దగ్గరగా తీసుకోండి; ఊపు తక్కువగా ఉంటుంది. జూలైలో వెళ్లినా స్వెట్టర్లు, రెయిన్‌కోట్లు తప్పనిసరి. మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి. మూడు తరాలూ ఒకచోట నిలబడి చూసే అవకాశం మళ్లీ మళ్లీ రాదు. తప్పకుండా వెళ్లిరండి.