కుక్క ఉన్న ఇంటిలో పిల్లికూన ఆరోగ్య పరిరక్షణ – పాటించవలసిన జాగ్రత్తలు

ధాన్యం నిల్వ ఉండే ఇళ్లలో ఎలుకల బెడద తగ్గించుకోవడానికి పిల్లిని పెంచడం మన గ్రామాలలో పూర్వం నుంచీ ఉన్న అలవాటు. ఇటీవల పట్టణాలలో కూడా కుక్కను పెంచుతున్న కుటుంబాలు పిల్లికూనను తెచ్చుకుంటున్నాయి. ఇటువంటి సందర్భాలలో యజమానులు సాధారణంగా అడిగే ప్రశ్న: "మా కుక్క జబ్బులు పిల్లికి అంటుకుంటాయా?" కొన్ని అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. అయితే యజమాని గుర్తించని ముప్పు మరొకటి ఉంది. అది మనుషుల చేతులు, చెప్పుల ద్వారా వచ్చే వైరస్, కుక్క కోసం ఇంట్లో ఉంచుకున్న మందు. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ రెండింటిపైనా యజమానులకు స్పష్టమైన అవగాహన కల్పించాలి.

పార్వో వైరస్ – కుక్క, పిల్లి సంబంధం

పిల్లికూనలలో అత్యంత ప్రమాదకరమైన వ్యాధి పాన్‌ల్యూకోపీనియా. ఇది పిల్లి పార్వో వైరస్ వల్ల వస్తుంది. ఈ వైరస్ ప్రేగుల లోపలి పొరను, ఎముక మజ్జను దెబ్బతీయడం వల్ల వాంతులు, విరేచనాలతో పాటు తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. దీనికి దగ్గరి బంధువైన కుక్క పార్వో వైరస్‌ను 1978లో గుర్తించారు. తొలినాటి రకం పిల్లులలో వృద్ధి చెందలేదు. ఆ తరువాత వచ్చిన 2ఎ, 2బి, 2సి రకాలు మాత్రం పిల్లులకు కూడా సోకగలవు. కావున పార్వోతో బాధపడుతున్న కుక్క ఉన్న ఇంటికి, ఇటీవల ఆ వ్యాధితో కుక్క మరణించిన ఇంటికి టీకాలు పూర్తికాని కూనను తీసుకురాకూడదు.

ఈ వైరస్ గది ఉష్ణోగ్రత వద్ద నేల సందులలో, పాత గోనెసంచులలో నెలల తరబడి, అనుకూల పరిస్థితులలో ఏడాది వరకు కూడా బ్రతికి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క సైతం వీధి నుంచి తన పాదాలకు, వెంట్రుకలకు అంటిన వైరస్‌ను ఇంట్లోకి తీసుకురాగలదు. ఆల్కహాలు కలిసిన చేతి ద్రావణాలు దీనిని నశింపజేయలేవు. కాబట్టి కూనను తాకే ముందు, తాకిన తరువాత చేతులను సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. కూన ఉండే గదికి వేరే చెప్పులు కేటాయించాలి.

తొలి రెండు వారాలు వేరుగా ఉంచడం

కొత్త కూనను కనీసం 14 రోజులు ప్రత్యేక గదిలో ఉంచాలి. మేత గిన్నె, నీటి గిన్నె, మలవిసర్జనకు మట్టి లేదా ఇసుక పళ్లెం, పరుపు గుడ్డ విడిగా ఉండాలి. ఈ వ్యవధిలో కూనలో దాగి ఉన్న చాలా అంటువ్యాధుల లక్షణాలు బయటపడతాయి. ఈ ఏర్పాటు కుక్కకు కూడా రక్షణే. తామరను కలిగించే మైక్రోస్పోరం కానిస్ శిలీంధ్రం పేరులో కుక్క ఉన్నప్పటికీ దానికి ప్రధాన ఆశ్రయం పిల్లులే. కుక్కకు పొడి దగ్గు ఉంటే అది పూర్తిగా తగ్గే వరకు కూనను దగ్గరకు రానీయకూడదు. దగ్గుకు కారణమైన బోర్డెటెల్లా బ్యాక్టీరియా పిల్లులకు కూడా సోకుతుంది.

టీకాలు, నట్టల నివారణ

ముర్రుపాల ద్వారా తల్లి నుంచి లభించిన ప్రతిరక్షకాలు వారాలు గడిచేకొద్దీ తగ్గుతాయి. అయితే అవి వ్యాధిని అడ్డుకోలేని స్థాయికి పడిపోయిన తరువాత కూడా కొంతకాలం టీకా పనిని అడ్డుకుంటాయి. అందువల్ల ఒక్క టీకాతో సరిపెట్టకూడదు. పాన్‌ల్యూకోపీనియా, పిల్లి జలుబు వ్యాధుల ఉమ్మడి టీకాను 6 నుంచి 8 వారాల వయస్సులో ప్రారంభించి, ప్రతి 3 నుంచి 4 వారాలకు ఒకసారి చొప్పున 16 వారాలు నిండే వరకు ఇప్పించాలి. రేబిస్ టీకాను 12 వారాలు నిండిన తరువాత వేయించాలి. అంతవరకు కూన రక్షణ కుక్కకు వేయించిన రేబిస్ టీకాపైనా, కూనను వీధిలోకి వదలకపోవడంపైనా ఆధారపడి ఉంటుంది.

ఏలికపాముల పిల్లపురుగులు తల్లిపాల ద్వారానే కూనకు చేరతాయి. కావున 3 వారాల వయస్సు నుంచి పశువైద్యుని సలహా మేరకు, శరీర బరువును తూచి, నట్టల మందు ఇవ్వాలి. బద్దె పురుగులలో ఒక రకం ఎగిరే పేల ద్వారా కుక్కకు, పిల్లికి వ్యాపిస్తుంది. ఒక జంతువుకు మాత్రమే చికిత్స చేస్తే ప్రయోజనం ఉండదు. రెండింటికీ ఒకేసారి, దేనికి తగిన మందు దానికి వాడాలి.

కుక్క మందు – కూనకు విషం

కొన్ని రసాయనాలను విరిచి విసర్జించే గ్లూకురోనిడేషన్ ప్రక్రియ పిల్లి కాలేయంలో చాలా బలహీనం. పేలు, పిడుదుల నివారణకు కుక్కలపై వేసే పెర్మెత్రిన్ కుక్కకు సురక్షితమే. అదే మందు పిల్లిలో వణుకు, మూర్ఛలు కలిగించి ప్రాణం తీయగలదు. మందు వేసిన కుక్క పక్కన పడుకున్నా, దాని వెంట్రుకలను నాకినా సరిపోతుంది. అటువంటి మందు వాడినప్పుడు కనీసం 72 గంటలు రెండింటినీ వేరుగా ఉంచాలి. వీలైతే పిల్లికి హాని చేయని మందునే కుక్కకు ఎంపిక చేసుకోవాలి. పశువుల కోసం తెచ్చిన సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిట్రాజ్ ద్రావణాలను పిల్లికూనపై ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. పొరపాటున మందు పడితే గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో కడిగి వెంటనే పశువైద్యశాలకు తరలించాలి. జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వడం కూడా ప్రాణాంతకం.

నేల తుడిచే ఫినాయిల్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అందులోని ఫినాల్ సమ్మేళనాలు పాదాలకు అంటి, నాకినప్పుడు కూన కడుపులోకి చేరతాయి. పైగా అవి పార్వో వైరస్‌పై ఆధారపడదగినవి కావు. నేలను ముందుగా సబ్బునీటితో కడిగి, సుమారు 5 శాతం గాఢత గల సోడియం హైపోక్లోరైట్ 1 వంతును 30 వంతుల నీటిలో కలిపి చల్లాలి. 10 నిమిషాల తరువాత మంచి నీటితో కడిగి, పూర్తిగా ఆరాకే కూనను వదలాలి. దీనిని ఆమ్లాలతో కలపరాదు.

ఆహారం

కుక్క ఆహారాన్ని కూనకు అలవాటు చేయకూడదు. పిల్లికి ఆహారం ద్వారా తప్పనిసరిగా అందవలసిన టారిన్ అందులో చాలినంత ఉండకపోవచ్చు. దీర్ఘకాలం లోపిస్తే గుండె కండరం, కంటి రెటీనా దెబ్బతింటాయి.

ప్రమాద సూచనలు

కూన మేత మానడం, పదేపదే వాంతులు, నీటి గిన్నె ముందు తల వాల్చి తాగకుండా కూర్చోవడం, శరీరం చల్లబడడం, వణుకు కనిపిస్తే మరుసటి రోజు వరకు వేచి చూడరాదు. సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. కుక్క పార్వో కోసం వాడే మల పరీక్ష కిట్ పిల్లి పార్వో వైరస్‌ను కూడా గుర్తించగలదు. కాబట్టి చిన్న వైద్యశాలలలోనూ తొలి నిర్ధారణ సాధ్యమే. అయితే ఫలితం వ్యతిరేకంగా వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని భావించకూడదు.

ముగింపు

సలహా కోసం వచ్చిన యజమానిని మూడు ప్రశ్నలు తప్పక అడగాలి. కుక్కకు చివరిసారి టీకా ఎప్పుడు వేయించారు? దానికి పిడుదుల మందు ఏది, ఎప్పుడు వాడారు? ఇంటి నేలను దేనితో తుడుస్తున్నారు? కూన ఇంటికి రాకముందే వీటికి సమాధానాలు తెలుసుకొని లోపాలను సరిదిద్దగలిగితే చాలా మరణాలను నివారించవచ్చు.