తల వెండ్రుకలు రాలు వ్యాధులు: కటకము చూపు భేదములు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గ్రామములలో ఎవరి తలపైనైనను రూపాయి బిళ్ళంత మేర వెండ్రుకలు ఊడిపోయినచో దానిని "పేనుకొరుకుడు" అని పిలుచుట వాడుక. పేను కొరికినందున వెండ్రుకలు పోయినవని కొందరి నమ్మకము. వెంటనే గురివింద గింజను అరగదీసి పూయుదురు. లేదా జిల్లేడు పాలు రాయుదురు. కాని ఆ ఒక్క పేరు వెనుక వేరువేరు వ్యాధులు దాగియుండవచ్చును. ఒకటి తనంతట తానే నయము కావచ్చును. ఒకటి ప్రక్కనున్న పిల్లవానికి అంటుకొనును. మరియొకటి ఆలస్యమైనచో ఆ చోట మరల వెండ్రుక మొలవనీయదు. వీనిని వేరుపరచుటకు తోడ్పడు పరికరమును గూర్చియు, ఈ విషయమున పంచాయతీ సభ్యులు చేయదగిన పనిని గూర్చియు ఇచ్చట వివరించుచున్నాము.

పరికరము పనిచేయు విధము

డెర్మోస్కోపు అనునది చేతిలో ఇమిడిపోవు చిన్న పరికరము. అందు వస్తువును సుమారు 10 రెట్లు పెద్దదిగా చూపు కటకమును, దాని చుట్టును చిన్న దీపములును ఉండును. మామూలు భూతద్దముతో చూచినపుడు చర్మముపై పడిన వెలుతురు తళతళలాడి లోపలి భాగమును కానరానీయదు. ఈ పరికరము ఆ తళుకును తొలగించును. అందుచే వెండ్రుక మొదలు, అది వెలువడు రంధ్రము, చుట్టునున్న సన్నని రక్తనాళములు స్పష్టముగా కనబడును. దీనికి కోత లేదు, సూది లేదు, నొప్పి లేదు. సెల్‌ఫోనుకు తగిలించి ఛాయాచిత్రము తీయదగిన రకములు కూడ కలవు. తలను ఈ విధముగా పరీక్షించుటకు 2006లో పోలండు దేశపు వైద్యురాండ్రు లిడియా రుద్నిట్స్కా, మల్గొజాటా ఒల్షెవ్స్కా "ట్రైకోస్కోపీ" అను పేరు పెట్టిరి.

కటకములో కనబడునది

అసలు పేనుకొరుకుడునకు పేనుతో సంబంధము లేదు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే వెండ్రుక మూలములపై తిరుగబడుట దీనికి కారణము. ఇది అంటువ్యాధి కాదు. కటకములో మొదట సన్నగను, కొనయందు లావుగను ఉన్న పొట్టి వెండ్రుకలు ఆశ్చర్యార్థక చిహ్నమువలె కనబడును. పసుపు చుక్కలు, నల్ల చుక్కలు కూడ ఉండవచ్చును. రంధ్రములు చెడిపోలేదు గనుక వెండ్రుకలు మరల మొలచుటకు అవకాశము కలదు.

తలతామర శిలీంధ్రము వలన కలుగును. ఇది పిల్లలలో ఎక్కువ. దువ్వెన, తువాలు, తలదిండు కలిపి వాడుకొనుచోట ఒకరినుండి మరియొకరికి వ్యాపించును. కటకములో కొన్ని వెండ్రుకలు కామావలె వంగియు, కొన్ని మెలితిరిగియు, కొన్ని చర్మముకడనే విరిగి నల్ల చుక్కలుగను కనబడును; పొట్టు కూడ రేగియుండును.

మూడవ రకమున వాపు వలన వెండ్రుక రంధ్రములే నశించును. అచ్చట చర్మము రంధ్రములు లేక నునుపుగా కనబడును. పోయిన రంధ్రము తిరిగి రాదు. మిగిలినవానిని కాపాడుటయే చికిత్స. కావుననే ఈ రకమును త్వరగా గుర్తింపవలెను.

తీవ్రమైన జ్వరము వచ్చిన పిదపను, ప్రసవానంతరమును 2, 3 నెలలకు తలయంతట వెండ్రుకలు రాలుట వేరు విషయము. ఇందు మచ్చలు ఏర్పడవు. సాధారణముగా కొన్ని నెలలలో వెండ్రుకలు మరల పెరుగును. ఆరోగ్యవంతులకు కూడ దినమునకు 50 నుండి 100 వరకు వెండ్రుకలు రాలుట సహజమే.

కటకము సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. సందేహమున్నచో వైద్యులు వెండ్రుకను, పొట్టును తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షింతురు. అవసరమైనచో చిన్న చర్మఖండమును పరీక్షకు పంపుదురు.

ఆలస్యము వలన నష్టము

తలతామరకు పైపూత మందు ఒక్కటే చాలదు. శిలీంధ్రము చర్మము లోపలి వెండ్రుక భాగమున నిలిచియుండును గనుక గుండు కొట్టించినను పోదు. వైద్యుడు చెప్పిన మందును కొన్ని వారములు లోపలికి పుచ్చుకొనవలెను. అశ్రద్ధ చేసినచో కొందరికి తలపై చీముగడ్డవలె వాచి, తగ్గిన పిమ్మట మచ్చ శాశ్వతముగా నిలిచిపోవును. ఇక నాటుమందుల మాట: గురివింద గింజలో తీవ్రమైన విషము కలదు, జిల్లేడు పాలు చర్మమును బొబ్బలెక్కించును, కంటబడినచో కంటికి ప్రమాదము. పుండు పడిన పిదప కటకములో చూచినను అసలు వ్యాధి లక్షణములను గుర్తించుట కష్టమగును.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1. పాఠశాలలోను, వసతిగృహములోను తలపై మచ్చలున్న పిల్లలను వెలివేయక, ఎగతాళి కానీయక, ఆరోగ్య కార్యకర్తకు చూపునట్లు చూడవలెను. సీతంపేట, పార్వతీపురము ప్రాంతముల ఆశ్రమ పాఠశాలలలో పిల్లలు కలిసి నివసింతురు గనుక అచ్చట ఎవరి దువ్వెన, ఎవరి తువాలు వారికుండుట ముఖ్యము.

2. ఒక బిడ్డకు తలతామర అని తేలినచో ఇంటిలోని తక్కిన పిల్లలను కూడ చూపింపవలెను.

3. నాయీబ్రాహ్మణ సోదరులతో మాటలాడి, ప్రతి తలకు క్రొత్త బ్లేడు వాడునట్లును, దువ్వెనలు, కత్తెరలు శుభ్రపరచునట్లును ఏర్పాటు చేయవలెను. తలపై మచ్చను మొదట చూచువారు తరచు వారే.

4. దగ్గరి ఆరోగ్య కేంద్రమునుండి 2019లో ప్రారంభమైన ఈ-సంజీవని ద్వారా దూరముననున్న వైద్యుని సంప్రదింపవచ్చును. ఛాయాచిత్రము పంపవలసినచో తల్లిదండ్రుల అనుమతితో, మంచి వెలుతురులో, వెండ్రుకలను పాయదీసి, ముఖము రాకుండ తీయవలెను. దానిని ఇతరులకు చూపరాదు.

5. కనుబొమల వెండ్రుకలు రాలినను, స్పర్శ లేని మచ్చ ఉన్నను కుష్ఠు పరీక్షకు పంపవలెను. దానికి ఔషధములు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది.

నిపుణుల పరీక్ష అవసరమైనవారికి శ్రీకాకుళము, విజయనగరము ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులును, విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రియు కలవు. ఆ దారి చూపుట, ప్రయాణమునకు వెనుకాడు కుటుంబమునకు ధైర్యము చెప్పుట గ్రామపెద్దల చేతిలోని పని. మచ్చ చిన్నదిగా నున్నపుడే బిడ్డను వైద్యుని యొద్దకు చేర్చినచో ఆ తలపై వెండ్రుకయు, బడిలో ఆ బిడ్డ గౌరవమును నిలుచును.