దుంకితే ఎముక గట్టిపడుతుందా?



పొద్దున డ్రిల్లులో మేడమ్ విజిల్ ఊది "జంప్" అంటే మనలో సగం మంది మడమ కూడా లేపరు. "తిన్నది అరిగిపోవడానికా ఇదంతా?" అని వెనక వరుసలో ఒక గొణుగుడు. అరిగే సంగతి ఎట్లున్నా, దుంకుడు వల్ల ఎముక పెరుగుతుందన్నది మాత్రం నిజం. అది ఎట్లా జరుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సైన్సు గదిలో అస్థిపంజరం బొమ్మ చూసి ఎముక అంటే ఎండుకట్టె అనుకుంటాం. ఒంట్లో ఉన్న ఎముకకు ప్రాణం ఉంది. అందులో రక్తం పారుతుంది. పాత ఎముకను కరిగించే కణాలు కొన్ని, కొత్తది కట్టే కణాలు కొన్ని రాత్రింబవళ్ళు పని చేస్తుంటాయి. ఎక్కడ కట్టాలో చెప్పే మేస్త్రీల వంటి కణాలు ఎముక లోపలే, వెంట్రుక కంటే సన్నని కాలువల నడుమ ఉంటాయి. మనం ఎగిరి నేల మీద పడగానే ఎముక కంటికి కనపడనంత కొంచెం వంగుతుంది. కాలువల్లోని ద్రవం కదులుతుంది. ఆ కదలికను బట్టి "ఇక్కడ బరువు పడుతోంది, ఇక్కడ గట్టి చెయ్యండి" అని కబురు పోతుంది. వానకు కోసుకుపోయే చోట చూసి రైతు గట్టుకు మట్టి వేసినట్టన్నమాట. జర్మనీ డాక్టరు జూలియస్ వుల్ఫ్ 1892లోనే దీని మీద పుస్తకం రాశాడు. బరువే పడకపోతే ఏమవుతుంది? అంతరిక్షంలో నెలల తరబడి తేలుతూ ఉండే వ్యోమగాముల తుంటి ఎముక నెలకు ఒక శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, తగ్గిపోతుంది.

మరి పిల్లల సంగతి? అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 5 నుంచి 10 ఏళ్ళ పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టు రెండడుగుల ఎత్తు పెట్టె మీద నుంచి 100 సార్లు నేల మీదికి దుంకింది. వారానికి మూడు రోజులు, ఏడు నెలలు. రెండో జట్టు ఒళ్ళు సాగదీసే కసరత్తులు మాత్రమే చేసింది. 2001లో ఫలితం అచ్చయింది. దుంకిన పిల్లలకు తుంటి దగ్గర ఎముక 4.5 శాతం, నడుము దగ్గర 3.1 శాతం ఎక్కువ చేరింది. దుంకుడు ఆపి మళ్ళీ ఏడు నెలల తర్వాత చూస్తే తుంటిలో చేరింది చాలావరకు నిలిచింది, నడుములోది నిలవలేదు. ఆ పెట్టె మీద నుంచి పడేటప్పుడు ఒంటి బరువుకు ఎనిమిది రెట్ల తాకిడి కలుగుతుందని కూడా కొలిచారు. 30 కిలోల పిల్ల ఎముక ఆ క్షణంలో 240 కిలోల తాకిడి ఓర్చుకుంటుంది! (అట్లని ఎవరూ ప్రహరీగోడ ఎక్కి దుంకవద్దు.)

ఇంకొక వింత. కోడిపుంజు రెక్క ఎముక మీద 1984లో ఒక ప్రయోగం చేశారు. రోజుకు 36 సార్లు బరువు వేస్తే ఎముక బాగా పెరిగింది. 1800 సార్లు వేస్తే? అంతే పెరిగింది, ఎక్కువేమీ లేదు. ఎలుకలకైతే రోజుకు అయిదు దుంకుళ్ళే పనిచేశాయని 1997లో జపాన్ వాళ్ళు చూపించారు. ఒకే దెబ్బ పదే పదే పడితే ఎముక కణాలు పట్టించుకోవడం మానేస్తాయట. కొన్ని గంటలు విశ్రాంతి ఇస్తే మళ్ళీ వింటాయి. ఈ సూత్రం పట్టుకునే కెనడాలో ఒక బడిలో గంట కొట్టినప్పుడల్లా పది దుంకుళ్ళు, రోజుకు మూడు సార్లు చేయించారు. మొత్తం మూడు నిమిషాల పని. ఎనిమిది నెలల్లో తుంటి ఎముకలో తేడా కనిపించింది. పెట్టె లేదు, ఖర్చు లేదు. మనకూ గంట ఉంది గదా! పొద్దున అసెంబ్లీలో పది, ఇంటర్వెల్లులో పది, సాయంత్రం ఆటలప్పుడు పది. వార్డెన్ మేడమ్ గారు దీన్ని ఆలోచించాలని మనవి.

చిన్నపిల్లలకు చెప్పే పనే లేదు. తొక్కుడుబిళ్ళ, తాడాట, ఖోఖో అని వాళ్ళు రోజంతా దుంకుతూనే ఉంటారు. ఇబ్బంది అంతా పెద్ద తరగతుల వాళ్ళతోనే. తాండాకు పోతే "పెద్దమనిషివైనావు, ఇంకా ఆ ఎగురుడేంది?" అంటారు. ఇక్కడికొచ్చి మనమే తాడు పక్కన పడేస్తాం. కానీ పెద్దయ్యాక మన ఒంట్లో ఉండే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, ఒళ్ళు వేగంగా ఎదిగే రెండేళ్ళలోనే చేరుతుంది. ఆడపిల్లలకు ఆ రెండేళ్ళు సుమారుగా పన్నెండు, పదమూడు. అంటే ఏడు, ఎనిమిది తరగతులు. సరిగ్గా మనం ఆట మానేసే తరగతులే అవి!

దుంకితే కబురు పోతుంది, సరే. కట్టడానికి సరుకు కావాలి గదా. ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది మాత్రమే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లోని లెక్క ఇది. మన జిల్లాలో చిరుధాన్యాల మిట్టపొలాలన్నీ వేరుశనగ అయిపోయాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీర్చింది, అది మంచిదే. కానీ సంగటి ముద్ద చిన్నదైపోయింది. రాగిజావ పోసిన రోజు గ్లాసు సగంలో వదిలేసి లేచే వాళ్ళు ఈ లెక్క ఇంకోసారి చదవండి. మునగాకు, నువ్వులు కూడా మంచివే. ఎండ సంగతి అనంతపురంలో చెప్పాలా?

ఇక నీళ్ళు. రాతినేలలో లోతుగా వేసిన బోర్లలో చాలా చోట్ల ఫ్లోరైడ్ ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ప్రమాదం. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి 1937లోనే రాశారు. నల్లగొండ జిల్లాలో మోకాళ్ళు లోపలికి వంగిన పిల్లల గురించి 1973లో పోషకాహార సంస్థ డాక్టర్లు రాశారు. మన జిల్లాలో 1995-96లో సత్యసాయి మంచినీటి పథకం 700కు పైగా ఊళ్ళకు నీళ్ళిచ్చింది. ఇక్కడొక చిక్కు ఉంది. ఫ్లోరైడ్ పట్టిన ఎముక ఎక్స్‌రేలో ఇంకా దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది, కానీ పెళుసు. దుంకుడుతో చేరే ఎముక బరువు పడే చోట, పద్ధతిగా చేరుతుంది. ఫ్లోరైడ్ వల్ల చేరేది ఆ పద్ధతి లేకుండా పేరుకుంటుంది. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై అది అక్కడే మిగులుతుంది.

దుంకే విధానం: సిమెంటు మీద కాదు, మట్టి నేల మీద. రెండు కాళ్ళతో ఎగిరి, రెండు కాళ్ళ మీదే, మోకాళ్ళు కొంచెం వంచి దిగాలి. మునివేళ్ళు ముందు, మడమ తర్వాత. పళ్ళ మీద గోధుమరంగు చారలుండి నడుమూ కీళ్ళూ నొప్పి పుట్టే వాళ్ళు, మోకాళ్ళు వంగిన వాళ్ళు వరుసలో నిలబడకుండా ముందు మేడమ్‌కు చెప్పి డాక్టరుకు చూపించుకోవాలి.