ముందు షో, ఆ తర్వాతే హోటల్

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. అత్తయ్యగారు, మామయ్యగారు హైదరాబాద్ నుంచి వచ్చారు. జనవరి చివర్లో వాళ్లను రెండు రాత్రులు న్యూయార్క్ తీసుకెళ్లి ఒక బ్రాడ్‌వే షో చూపించాలని ఉంది. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. అత్తయ్యగారికి ఇంగ్లిష్ అంతంత మాత్రం, కానీ చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన సురభి నాటకాలు ఒక్కటీ వదల్లేదట. అందరూ ‘హామిల్టన్’ చూడమంటున్నారు. హోటల్ ఎక్కడ తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: హోటల్ సంగతి కాసేపు పక్కన పెట్టండమ్మా. ముందు ఏ షో, ఏ రోజు, ఏ వేళ అన్నది ఖాయం చేసుకోండి. హోటల్ చవగ్గా దొరికిందని ముందే డబ్బు కట్టేసి, ఆ తర్వాత షో కోసం చలిలో ఊరంతా తిరిగేవాళ్లే ఎక్కువ.

‘హామిల్టన్’ గొప్ప నాటకమే. కానీ అమెరికా తొలినాళ్ల రాజకీయం కొంచెమైనా తెలిసి, వేగంగా దూసుకుపోయే ర్యాప్‌ని అందుకోగలిగితేనే అందులోని రసం దక్కుతుంది. అత్తయ్యగారిని అంతసేపు అర్థంకాని మాటల మధ్య కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ‘ది లయన్ కింగ్’కి తీసుకెళ్లండి. 2019లో వచ్చిన సినిమాకి తెలుగు డబ్బింగ్ ఉంది, సింబాకి నాని గొంతు ఇచ్చారు. ప్రయాణానికి వారం ముందు అది ఇంట్లో చూపిస్తే కథ మొత్తం తెలిసిపోతుంది, ఇక భాష అడ్డుపడదు. దర్శకురాలు జూలీ టేమర్ ఇందులో నటుల్ని బొమ్మల వెనక దాచలేదు. జంతువు ముసుగూ కనిపిస్తుంది, దాన్ని ఆడించే మనిషి ముఖమూ కనిపిస్తుంది. మొదటి పాటలోనే జంతువులు ప్రేక్షకుల మధ్య నుంచి నడుచుకుంటూ వేదిక ఎక్కుతాయి. సురభి వాళ్ల ‘మాయాబజార్’ చూసి నోరెళ్లబెట్టిన ఆవిడకి ఈ విద్య ఎంత కష్టమో ఒకరు చెప్పక్కర్లేదు. మామయ్యగారికి ఇంగ్లిష్ చదవడం వస్తే ఫోన్‌లో ‘గాలాప్రో’ యాప్ పెట్టివ్వండి. చాలా షోలకి సంభాషణలు అందులో అక్షరాల్లో వస్తాయి.

ఇక మోకాళ్లు. బ్రాడ్‌వేలో మొత్తం 41 థియేటర్లు. వాటిలో ఎక్కువ భాగం 1930కి ముందు కట్టినవే. చాలావాటిలో మెజనీన్ అనే పై అంతస్తుకి లిఫ్ట్ ఉండదు, మెట్లెక్కాల్సిందే. ‘లయన్ కింగ్’ ఆడే మిన్స్‌కాఫ్ 1973లో తెరిచిన థియేటర్ కాబట్టి ఎస్కలేటర్లూ లిఫ్టూ ఉన్నాయి. అక్కడ ఆర్కెస్ట్రా అనే కింది విభాగంలో నడవా పక్క సీట్లు తీసుకోండి. మామయ్యగారు కాళ్లు చాపుకోవచ్చు, మొదటి పాటలో వచ్చే ఏనుగూ ఆయన పక్క నుంచే వెళ్లే అవకాశం ఉంది.

వేళ మాత్రం మధ్యాహ్నం ఆటే. సాధారణంగా బుధ, శని, ఆదివారాల్లో ఉంటుంది. సోమవారం చాలా థియేటర్లకు సెలవు. రాత్రి ఆట అయితే పది గంటల ప్రాంతంలో ఆ పేటలోని థియేటర్లన్నీ ఇంచుమించు ఒకేసారి ఖాళీ అవుతాయి. వేలమంది ఒక్కసారి రోడ్డు మీదికొస్తే ట్యాక్సీ దొరకదు. ఉష్ణోగ్రత సున్నాకి దిగువన, పైగా నది మీది నుంచి గాలి. పెద్దవాళ్లను ఆ గాలిలో అరగంట నిలబెడితే అంతసేపు చూసిన ఆనందమంతా ఆవిరైపోతుంది.

ఇప్పుడు హోటల్. థియేటర్ 45వ వీధిలో ఉంది. 42 నుంచి 50వ వీధి లోపల, ఆరో అవెన్యూకీ తొమ్మిదో అవెన్యూకీ మధ్య చూడండి. వీధి నుంచి వీధికి దూరం తక్కువ, అలాంటివి ఇరవై దాటితే ఒక మైలు. అవెన్యూ నుంచి అవెన్యూకి మాత్రం చాలా ఎక్కువ. మ్యాప్‌లో ‘మూడే అవెన్యూలు’ అని కనిపిస్తే మోసపోకండి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అది పెద్ద నడకే. మీ రెండు జంటలకీ రెండు గదులు తీసుకోండి. న్యూయార్క్‌లో గదులు ఇరుకు, ఒకే గదిలో నలుగురూ సర్దుకోలేరు. బయటి తిండి పడకపోతే రెసిడెన్స్ ఇన్, హోమ్‌వుడ్ స్వీట్స్ లాంటి వంటగది ఉన్న హోటళ్లు మేలు.

మీరు ఎంచుకున్న నెల మంచిది. డిసెంబరులో కళ్లు తిరిగే ధరలు క్రిస్మస్, కొత్త సంవత్సరం దాటగానే దిగుతాయి. న్యూయార్క్‌లో జనవరి, ఫిబ్రవరి నెలలే అన్నిటికన్నా చవక.

ప్రశ్న: మాది న్యూజెర్సీలోని ఎడిసన్. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి మూడేళ్లు. షో చూసి ఆ రాత్రి అక్కడే ఉండాలా?
– ఒక పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. మధ్యాహ్నం ఆట చూసుకుని పెన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటలోపే ఇంటి దగ్గర దిగుతారు. హోటల్ డబ్బు మంచి సీట్ల మీద పెట్టండి. అయితే ఒక సంగతి. నాలుగేళ్లు నిండని పిల్లల్ని బ్రాడ్‌వే థియేటర్లలోకి సాధారణంగా రానివ్వరు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటామన్నా ఒప్పుకోరు. ఒకరు పాపతో ‘అల్లాదీన్’కి వెళ్లండి, ఇంకొకరు బాబుని డైనోసార్ ఎముకలున్న నేచురల్ హిస్టరీ మ్యూజియంకి తీసుకెళ్లండి. నలుగురూ కలిసే చూడాలనుకుంటే 42వ వీధిలోని న్యూ విక్టరీ థియేటర్ ఉంది. అది పిల్లల కోసమే నడిచే థియేటర్. ఏ ప్రదర్శన ఎన్నేళ్ల వాళ్లకో వాళ్లే రాసి పెడతారు.

ప్రశ్న: బోస్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. నా దగ్గరున్న డబ్బుతో బ్రాడ్‌వే చూడటం సాధ్యమేనా?
– ఒక విద్యార్థి

జవాబు: సాధ్యమే బాబూ. చలికాలం నీలాంటివాళ్లదే. జనవరి, ఫిబ్రవరిలో ‘బ్రాడ్‌వే వీక్’ వస్తుంది, అందులో పాల్గొనే షోలకి ఒక టికెట్ ధరకే రెండు టికెట్లు. ఒక స్నేహితుణ్ని వెంటబెట్టుకో. టైమ్స్ స్క్వేర్‌లో ఇప్పుడు ఎర్ర మెట్ల కింద ఉన్న టీకేటీఎస్ కౌంటర్ 1973 నుంచి నడుస్తోంది. అదే రోజు షోలకి అక్కడ సగం ధర దాకా తగ్గింపు దొరుకుతుంది. గడ్డకట్టే చలిలో ఆ వరుస కూడా చిన్నదవుతుంది. కొన్ని షోలకి పొద్దున్నే బాక్సాఫీసు తెరవగానే ‘రష్’ అనే చవక టికెట్లు ఇస్తారు. ‘హామిల్టన్’కి లాటరీ ఉంది, తగిలితే పది డాలర్లే. అది నీలాంటి కుర్రాడు తప్పకుండా చూడాల్సిన నాటకం. మామూలు టికెట్ కొన్నా బాక్సాఫీసుకి వెళ్లి కొంటే ఆన్‌లైన్ రుసుము మిగులుతుంది. రాత్రి బసకి క్వీన్స్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీ చూడు, 7 నంబరు రైలు నేరుగా టైమ్స్ స్క్వేర్‌కి వస్తుంది. శని, ఆదివారాల్లో మరమ్మతుల కోసం ఆ రైలు ఆపే సందర్భాలుంటాయి. బయల్దేరే ముందు ఆ రైళ్లు నడిపే ఎంటీఏ సంస్థ యాప్ చూసుకో.

ఇంకో మాట. పండగల రద్దీ అయిపోయాక జనవరిలో చాలా షోలు మూతపడతాయి. నచ్చిన షో చివరి తేదీ ముందే కనుక్కో.

ప్రశ్న: మేం ఆరుగురం. ఎయిర్‌బీఎన్‌బీలో ఇల్లు మొత్తం తీసుకుంటే చవక కదా?
– ఒక పాఠకురాలు, హ్యూస్టన్

జవాబు: న్యూయార్క్ నగరంలో కుదరదండి. 2023 సెప్టెంబరు నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం 30 రోజులకన్నా తక్కువ అద్దెకిస్తే యజమాని ఆ ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరిని మించకూడదు. ఆరుగురికి ఇల్లిస్తామనే ప్రకటన కనబడితే డబ్బు కట్టకండి. హోటల్ గదులు మూడు తీసుకోండి. పన్ను 14.75 శాతం, దానిమీద గదికి రాత్రికి మూడున్నర డాలర్లు అదనం. అది కలుపుకొని లెక్క వేసుకోండి.

ప్రశ్న: మంచు తుఫాను వస్తే టికెట్ డబ్బు వెనక్కిస్తారా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: ప్రదర్శన రద్దయితే ఇస్తారు. 2016 జనవరి 23న తుఫాను వల్ల బ్రాడ్‌వేలో ఆటలు ఆగిపోయాయి. కానీ అలా జరగడం అరుదు. మంచు పడుతున్నా నటీనటులు ఎలాగోలా వచ్చేస్తారు, తెర లేస్తుంది. మీ విమానం ఆగిపోయి మీరు రాలేకపోతే ఆ నష్టం మీదే. అందుకే షో రోజే విమానం దిగేలా పెట్టుకోకండి, ముందు రోజే చేరుకోండి. హోటల్ కూడా చివరి రోజుల దాకా రద్దు చేసుకోగలిగే ధరకే తీసుకోండి, నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే.