నూటికి ఏడు తక్కువ: ఆర్జిరొడైట్ ఖనిజం, దాని లక్షణాలు, వర్గనిర్ణయం

కొత్త ఖనిజాన్ని విశ్లేషించే రసాయనికుడు అన్నిటికంటె చివర చేసే పని కూడిక. వెండి నూటికి ఇంత, గంధకం ఇంత, ఇనుము ఇంత అని విడివిడిగా తూచిన పాళ్ళన్నీ కలిపితే నూరు రావాలి. తొంభైతొమ్మిదిన్నర వచ్చినా, నూటికి కొంచెం మించినా అది తూకంలోని లోపమని సరిపెట్టుకోవచ్చు. తొంభైమూడు వస్తే మాత్రం సరిపెట్టుకోవడానికి వీలులేదు. 1885వ సంవత్సరం చివరి నెలలలో జర్మనీలోని ఫ్రైబెర్గ్ పట్టణంలో క్లెమెన్స్ వింక్లర్ అనే రసాయనశాస్త్రాచార్యునికి సరిగా ఈ చిక్కే ఎదురైంది. ఆ చిక్కు తెచ్చిపెట్టిన రాయి పేరు ఆర్జిరొడైట్. ఆ లోటులో ఒక కొత్త మూలకం దాగి ఉన్నదన్న సంగతి రసాయనశాస్త్రం చదివినవారికి చాలామందికి తెలుసు. ఆ రాయి ఏ జాతిదన్న ప్రశ్న మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే.

ఫ్రైబెర్గ్ సాక్సనీ ప్రాంతంలోని పాత గనుల పట్టణం. అక్కడ పన్నెండవ శతాబ్దం నుంచి వెండి తవ్వారు. 1765లో స్థాపించిన గనుల విద్యాపీఠం నేటికీ అక్కడ విశ్వవిద్యాలయంగా నడుస్తున్నది. పట్టణానికి దక్షిణాన హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్ అనే గని ఉండేది. ఆ పేరుకు స్వర్గాధిపతి అని అర్థం. 1885లో ఆ గనిలోని ఒక ధాతుసిరలో ఇదివరకెన్నడూ చూడని ఖనిజం కనిపించింది. విద్యాపీఠంలో ఖనిజశాస్త్రం బోధించే ఆల్బిన్ వైస్‌బాఖ్ దానిని కొత్త ఖనిజంగా గుర్తించి, వెండి కలది అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి ఆర్జిరొడైట్ అని పేరు పెట్టాడు. థియొడోర్ రిఖ్టర్ ఊదుగొట్టంతో, అంటే దీపజ్వాలను సన్నని గొట్టంలోంచి ఊది రాతిపొడి మీదికి మళ్ళించే పాతకాలపు పద్ధతితో, పరీక్షించి వెండి, గంధకం, కొద్దిపాటి పాదరసం ఉన్నాయని తేల్చాడు. ఈ రిఖ్టర్ సామాన్యుడు కాడు. 1863లో అదే ఊరిలో ఇండియం అనే మూలకాన్ని కనుగొన్న ఇద్దరిలో ఒకడు.

పాళ్ళు తేల్చే పనిని వైస్‌బాఖ్ తన సహోద్యోగి వింక్లర్‌కు అప్పగించాడు. వెండి 74.72, గంధకం 17.13, ఇనుము, జింకు, పాదరసం మూడూ కలిసి 1.19. మొత్తం 93.04. ఎన్నిసార్లు చేసినా లోటు దాదాపు ఏడే. పొరపాటు చేయి ఒకసారి ఇటు, ఒకసారి అటు తప్పుతుంది. ప్రతిసారీ అదే ఏడు లోటు పడుతున్నదంటే విశ్లేషణ పద్ధతిలోంచి ఏదో జారిపోతున్నదన్నమాట.

ఆ జారుడు ఎలా జరిగిందో తెలుసుకుంటే వింక్లర్ నేర్పు బోధపడుతుంది. ఆయన రాతిపొడిని సోడాతోను, గంధకంతోను కలిపి కరిగించి, నీటిలో నానబెట్టి, ఆ ద్రవానికి కొద్దికొద్దిగా ఆమ్లం చేర్చాడు. ఈ పద్ధతిలో ఆర్సెనిక్, ఆంటిమొని వంటివి సల్ఫైడులుగా అడుగుకు దిగుతాయి. వాటిని వడకట్టి తీసివేశాక మిగిలిన ద్రవాన్ని కాచి చూస్తే ఉప్పు తప్ప మరేమీ దొరకలేదు. కనిపించకుండా పోతున్న మూలకపు సల్ఫైడు నీటిలోను, పలుచని ఆమ్లంలోను కరిగే ఉంటుంది. గాఢమైన ఆమ్లం సమృద్ధిగా ఉన్నప్పుడే అవక్షేపంగా దిగుతుంది. 1886 ఫిబ్రవరి 6న వింక్లర్ ఆ ద్రవంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ధారాళంగా పోశాడు. తెల్లని పొరలు పొరలుగా అవక్షేపం దిగింది. దానిని హైడ్రొజన్ వాయువులో వేడిచేస్తే బూడిదవన్నె మూలకం మిగిలింది. కొత్త గ్రహానికి పెట్టిన నెప్ట్యూన్ పేరు మీదుగా నెప్ట్యూనియం అని పిలవాలని ఆయనకు ఉండేదట. ఆ పేరును అప్పటికే వేరొకరు ప్రతిపాదించి ఉండడంతో స్వదేశం పేరిట జర్మేనియం అన్నాడు.

ఇక్కడ మన భాషకు చుట్టరికమున్న ఒక మాట వస్తుంది. రష్యన్ శాస్త్రజ్ఞుడు మెండెలీవ్ 1871లో తన ఆవర్తన పట్టికలోని ఖాళీ గళ్ళకు తాత్కాలిక నామాలు పెడుతూ సంస్కృత సంఖ్యలను ఎంచుకున్నాడు. సిలికాన్‌కు దిగువన ఒక గడి తరువాత రావలసినది ఏకసిలికాన్. ఆయన సంస్కృతం వైపు ఎందుకు మొగ్గాడన్న దానికి అష్టాధ్యాయిని ప్రచురించిన పండితుడు బోట్లింక్‌తో పరిచయమే కారణమని కొందరి ఊహ. ఊహగానే చెబుతున్నాను. ఏకసిలికాన్‌కు పరమాణు భారం 72, సాంద్రత 5.5 ఉండాలనీ, దాని క్లోరైడు నూరు డిగ్రీల లోపే మరగాలనీ మెండెలీవ్ రాశాడు. వింక్లర్‌కు లభించిన విలువలు 72.32, 5.47. క్లోరైడు 86 డిగ్రీల వద్ద మరిగింది.

అయితే పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటున్నది. ఇది ఏకసిలికాన్ అని మొదట వింక్లరూ అనుకోలేదు, మెండెలీవూ అనుకోలేదు! విశ్లేషణలో ఆర్సెనిక్, ఆంటిమొనుల వెంట నడిచింది గనుక ఇది ఆంటిమొనికీ బిస్మత్‌కూ నడుమ ఉండవలసిన మూలకమని వింక్లర్ తలచాడు. మెండెలీవ్ అయితే కాడ్మియంకూ పాదరసానికీ నడుమ ఉంచజూశాడు. లోథర్ మయర్ మొదలైనవారు ఏకసిలికాన్ వైపు వేలు చూపారు. సంయోజకత మూడు కాదు, నాలుగు అని తేలాక వివాదం ముగిసింది. ఆంటిమొనికి బంధువా, కాదా అన్న ఈ సందేహాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. రాతి జాతిని నిర్ణయించేటప్పుడు ఇదే తిరిగి వస్తుంది.

ముందు సూత్రం సంగతి చూద్దాము. హైస్కూలులో రసాయనశాస్త్రం చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ లెక్క వారిచేత చేయించవచ్చు. ప్రతి మూలకపు పాలును దాని పరమాణు భారంతో భాగించాలి. వెండి 74.72ను 107.87తో భాగిస్తే 0.693. గంధకం 17.13ను 32.06తో భాగిస్తే 0.534. జర్మేనియం 6.93ను 72.63తో భాగిస్తే 0.095. అన్నిటిలో చిన్నదానితో మిగిలినవాటిని భాగిస్తే ఒక జర్మేనియం పరమాణువుకు వెండి 7.3, గంధకం 5.6 వస్తాయి. పరమాణువులు ముక్కలుగా ఉండవు కదా! వింక్లర్ ఆరు వెండి, ఐదు గంధకం అని నిర్ణయించాడు. ఎనిమిది వెండి, ఆరు గంధకం అని కూడా అనవచ్చు. ఇనుము, జింకు, పాదరసం కొంత వెండి స్థానాన్ని ఆక్రమించాయనుకుంటే 7.3 కాస్తా 7.6 అయి ఎనిమిది వైపు మొగ్గుతుంది. ఈ తగవు తీర్చినవాడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఖనిజశాస్త్రజ్ఞుడు శామ్యూల్ పెన్‌ఫీల్డ్. 1893లో ఆయన బొలీవియా నుంచి వచ్చిన నమూనాలను విశ్లేషించి ఎనిమిది, ఒకటి, ఆరు అనే నిష్పత్తిని స్థిరపరచాడు. ఈ సూత్రం ప్రకారం వెండి 76.5, గంధకం 17.1, జర్మేనియం 6.4 ఉండాలి. నేడు అంగీకరించే సూత్రం ఇదే.

ఆ బొలీవియా ఖనిజం స్ఫటికరూపంలో భిన్నమని తలచి పెన్‌ఫీల్డ్ దానికి కాన్‌ఫీల్డైట్ అని పేరు పెట్టాడు. న్యూజెర్సీకి చెందిన గనుల ఇంజనీరు, ఖనిజ సేకర్త ఫ్రెడరిక్ కాన్‌ఫీల్డ్ పేరు అది. తరువాత రెండూ ఒకటేనని తేలడంతో ఆ పేరును ఉపసంహరించి, 1894లో జర్మేనియం స్థానంలో తగరం గల సోదర ఖనిజానికి ఇచ్చాడు. కాన్‌ఫీల్డ్ సేకరణ 1926లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చేరింది.

చూడడానికి ఆర్జిరొడైట్ ఉక్కు వన్నెలో, లోహద్యుతితో ఉంటుంది. అప్పుడే విరిగిన ముఖం మీద ఎరుపు లేదా ఊదా ఛాయ తోస్తుంది. గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. మెరుగుపూత లేని పింగాణి పలక మీద గీస్తే బూడిద కలిసిన నల్లని గీత పడుతుంది. కాఠిన్యం రెండున్నర, అంటే రాగినాణెం దానిని గీయగలదు. విశిష్ట గురుత్వం 6.1 నుంచి 6.3. పెళుసైనది. నియతమైన తలాల వెంట చీలదు, ఎగుడుదిగుడుగా విరుగుతుంది. స్ఫటికాలు చిన్నవి, తరచు అష్టముఖి ఆకారంలో, ఒకదానిలోకొకటి చొచ్చుకొని జంటలుగా పెరుగుతాయి. ఎర్రవెండి ఖనిజాల సరసన, వెండి సల్ఫైడుతోను, జింకు సల్ఫైడుతోను, పైరైటుతోను కలిసి లభిస్తుంది. కంటిచూపుతో మాత్రమే దీనిని కాన్‌ఫీల్డైట్ నుంచి వేరుచేయడం అసాధ్యమనే చెప్పాలి.

ఇక జాతి ప్రశ్న. వెండి, సీసం, రాగి వంటి లోహాలు ఒక పక్షాన, ఆర్సెనిక్, ఆంటిమొని, బిస్మత్ వంటివి రెండవ పక్షాన, గంధకం రెంటినీ కలుపుతూ ఉండే ఖనిజాలను సల్ఫోసాల్టులంటారు. ఇక్కడ గంధకలవణాలందాము. గంధకికామ్లపు లవణాలైన సల్ఫేటులతో వీటిని పొరబడరాదు. సల్ఫేటులో ఆక్సిజన్ ఉంటుంది, వీటిలో ఉండదు. ఎర్రవెండి ఖనిజాలైన ప్రౌస్టైటు, పైరార్జిరైటు ఈ వర్గానికి చక్కని ఉదాహరణలు. మొదటిదానిలో మూడు వెండి, ఒక ఆర్సెనిక్, మూడు గంధకం ఉంటాయి. రెండవదానిలో ఆర్సెనిక్ బదులు ఆంటిమొని. ఆక్సిజన్ స్థానంలో గంధకం గల ఒక ఆమ్లాన్ని ఊహించి, దాని హైడ్రొజన్ స్థానాలను వెండి ఆక్రమించిందనుకుంటే లవణమన్న మాట అతుకుతుంది. ఈ పాత దృష్టితో చూస్తే ఆర్జిరొడైట్ జర్మేనియపు ఆమ్లానికి వెండి లవణం, కనుక గంధకలవణమే. చాలాకాలం అలాగే చదువుకున్నారు.

స్ఫటికాల లోపలి అమరిక తెలిశాక దృష్టి మారింది. ప్రౌస్టైటులోని ఆర్సెనిక్ సంయోజకత మూడు. బంధాలలో పాల్గొనని ఒక ఎలక్ట్రాను జంట దానికి మిగిలి ఉంటుంది. ఆ జంట ఒక ప్రక్క చోటు ఆక్రమించడంవలన మూడు గంధకాలూ రెండవ ప్రక్కకు ఒదిగి, ఆర్సెనిక్ శిఖరంగా పొట్టి గోపురం ఏర్పడుతుంది. జర్మేనియం తన నాలుగు ఎలక్ట్రానులనూ బంధాలకు ఇచ్చివేస్తుంది. కనుక నాలుగు గంధకాలు దాని చుట్టూ సమంగా నిలిచి చతుర్ముఖి అవుతుంది. సూత్రంలోని ఆరింటిలో మిగిలిన రెండు గంధకాలు జర్మేనియాన్ని అసలు తాకవు, వెండితోనే ఉంటాయి. 2014లో రొమేనియా నుంచి వర్ణించిన ఆల్బర్నైట్ అనే సోదర ఖనిజంలో సరిగా రెండు గంధకాలకు బదులు రెండు టెల్లూరియంలున్నాయి. ఆ రెంటి ప్రత్యేకతకు ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి?

అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం తరఫున 2008లో వెలువడిన సమీక్ష గంధకలవణాల ప్రధానవర్గాన్ని సంయోజకత మూడు గల ఆర్సెనిక్, ఆంటిమొని, బిస్మత్‌లకు, నాలుగు గల టెల్లూరియంకు పరిమితం చేసింది. జర్మేనియం, తగరం గలవి విశాలార్థంలోనే ఆ కుటుంబానికి దగ్గరవుతాయి. ష్ట్రుంట్స్ పట్టికలోనూ ఆర్జిరొడైట్‌ను వెండి సల్ఫైడుల సరసన ఉంచారు. నా దృష్టిలో ఇదే సమంజసం. వింక్లర్ మొదట మూలకాన్ని ఆంటిమొని పక్కన కూర్చోబెట్టాడు. ఖనిజశాస్త్రజ్ఞులు ఆ మూలకం గల రాతిని ఆంటిమొని రాళ్ళ పక్కన మరికొంత కాలం ఉంచారు. పరీక్షానాళికలో నడవడి ఒకటి, ఎలక్ట్రానుల లెక్క మరొకటి.

వెండి ఈ ఖనిజంలో స్థిరంగా కూర్చోదన్నది మరో విశేషం. మామూలు ఉష్ణోగ్రత వద్ద స్ఫటికపు మూడు అక్షాలూ పరస్పరం లంబంగా ఉన్నా పొడవులు సమానం కావు. బయటి ఆకారం మాత్రం మూడూ సమానమైనట్లు భ్రమ కలిగిస్తుంది. సుమారు 223 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే ఆ భ్రమ నిజమై నిజమైన ఘనాకార సౌష్ఠవం వస్తుంది. అప్పుడు జర్మేనియం, గంధకం తమ చోట్ల నిలిచి ఉంటే వెండి అయానులు ఒక ఖాళీ నుంచి మరొక ఖాళీకి తిరుగుతుంటాయి. రాయి కరగదు, దాని లోపలి వెండి మాత్రం దాదాపు ద్రవంలా ప్రవర్తిస్తుంది.

ఈ చంచలత్వమే నేడు ఆ పేరును బ్యాటరీల ప్రయోగశాలలకు చేర్చింది. వెండి స్థానంలో లిథియం, జర్మేనియం స్థానంలో భాస్వరం, గంధకంలో కొంత భాగానికి బదులు క్లోరిన్ వంటివి చేర్చి అదే అమరికతో కృత్రిమ పదార్థాలను తయారుచేయవచ్చునని 2008లో జర్మన్ పరిశోధకులు చూపారు. వాటిలో లిథియం అయానులు గది ఉష్ణోగ్రతలోనే చురుకుగా కదులుతాయి. మండే ద్రవాలకు బదులు ఘనపదార్థం ఉండే బ్యాటరీలకు పనికివస్తాయని వాటిపై నేడు ముమ్మరంగా పరిశోధన సాగుతున్నది. జర్మేనియం విషయానికి వస్తే, 1947లో న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన మొదటి ట్రాన్సిస్టరు దానితో చేసినదే. అయితే ఆ మూలకాన్ని ఎవరూ ఆర్జిరొడైట్ నుంచి తీయరు. జింకు ఖనిజాల శుద్ధిలోను, కొన్ని బొగ్గుల బూడిదలోను లభిస్తుంది. ఆర్జిరొడైట్ అంతటి అరుదైనది. ఫ్రైబెర్గ్ గనులలో తవ్వకం 1969లో ఆగిపోయింది. బ్యాటరీలకోసం తయారవుతున్న కొత్త ఆర్జిరొడైట్లలో చాలావాటిలో జర్మేనియమూ లేదు, వెండీ లేదు. వెండి కలది అనే పేరు మాత్రం మిగిలింది.