మోర్సు కీయరు – మాత్రల లెక్క

తంతివార్తలు 2013 జూలైలో మన దేశమున ఆగిపోయినవి గాని, హ్యామ్ రేడియో వారి నడుమ మోర్సు సంకేతములు నేటికిని వాడుకలో ఉన్నవి. చుక్క, గీత అను రెండే గుర్తులు. తెలుగు విద్యార్థికి వెంటనే లఘువు, గురువు స్ఫురించును. మూడు గుర్తుల ఆంగ్లాక్షరములు ఎనిమిది, మన మూడక్షరముల గణములును ఎనిమిదే. ఎస్ నగణము, ఓ మగణము, డి భగణము, ఆర్ జగణము.

ఈ పోలిక వద్దనే మేము పొరబడితిమి. గురువునకు రెండు మాత్రలు, మోర్సు గీతకు మూడు. చేతి మీటతో పంపినప్పుడు మా గీతలన్నియు గురువులైనవి. విన్న మిత్రునికి ఒక్క మాటయు అందలేదు.

ఆ కొలతను తానే పాటించు సాధనము కీయరు. 555 టైమరు, 4013 చిప్పు, కొన్ని రెసిస్టర్లు, డయోడ్లు, 9 వోల్టుల బ్యాటరీ ముఖ్యమైన సామగ్రి. మొదట టైమరు నుండి నేరుగా చుక్కలు తీసితిమి. అందు ధ్వనికాలము మౌనముకంటె కొంత ఎక్కువ. చెవికి కుంటినడకవలె తోచినది. కావున టైమరును రెట్టింపు వేగమున నడిపి, 4013లోని మొదటి ఫ్లిప్‌ఫ్లాపుచే రెండుగా భాగింపవలెను. అప్పుడు ధ్వని, మౌనము సరిసమానములు. మొదటిది వెలిగిన ప్రతిసారి రెండవది స్థితి మార్చును. మొదటిది 1 0 1 0, రెండవది 1 1 0 0. రెంటిని డయోడ్లతో కలుపగా 1 1 1 0, అనగా మూడు మాత్రల గీత, ఒక మాత్ర మౌనము. ఈ వరుసను కాగితముపై వ్రాసి చూచినవారికి సర్క్యూటు సగము అర్థమైనట్లే. చుక్కలకు రెండవదానిని రీసెట్‌లో ఉంచవలెను. ఈ నమూనాలో మీటను ముందే వదలినచో గుర్తు తెగును. దానిని పూర్తి చేయించుటకు గేట్ల చిప్పు అదనముగా కావలెను.

1200ను నిమిషపు మాటల సంఖ్యచే భాగింపగా ఒక మాత్ర ఎన్ని మిల్లీసెకండ్లో తెలియును. 12 మాటలకు 100. టైమరుకు 10, 68 కిలోఓముల రెసిస్టర్లు, ఒక మైక్రోఫారడ్ కెపాసిటరు వాడగా దాదాపు అంతే వచ్చినది. జనరల్ గ్రేడు లైసెన్సు పరీక్షకు 8 మాటలు చాలును. అప్పుడు మాత్ర 150.

మీటకు హాక్సా బ్లేడు ముక్కను కొయ్యదిమ్మపై నిలిపి, ఇరువైపుల ఇత్తడి మరలు బిగించితిమి. బొటనవ్రేలికి చుక్క, చూపుడువ్రేలికి గీత. బ్లేడు రంగు గీకుట మరచి ఒక సాయంకాలమంతయు చిప్పును నిందించితిమి!

అక్షరముల నడుమ మూడు, మాటల నడుమ ఏడు మాత్రల మౌనమును ఈ యంత్రము ఇయ్యదు. అది పంపువాని చెవియే కొలువవలెను. లైసెన్సు చేతికి వచ్చువరకు దీనిని బజరుకు మాత్రమే తగిలింపవలెను.